ఎవరి ఎంగిలో

ఇంటికొచ్చినవాళ్ళ చేతికి పాత పైపు ఒకటి ఇస్తే ఏం చేస్తారో నాకిప్పుడు ముందే తెలుసు. మొదట బరువు చూస్తారు, ఇంత తేలికా అని కనుబొమలెగరేస్తారు. తర్వాత పొగాకు కూరే గిన్నెను, అదే బౌల్‌ను, ముక్కు దగ్గరికి తీసుకుంటారు. పాత గడియారాన్ని ఎవరూ వాసన చూడరు, పాత నాణేన్ని చూడరు, పైపును మాత్రం చూడకుండా ఉండలేరు. ఎండిన అంజూరం, తోలు, చల్లారిన పొయ్యి, ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే నోటివైపు వెళ్తుంది, పెదవికి బెత్తెడు దూరంలో ఆగిపోతుంది. నోట పెట్టుకునే ఆ నల్లటి గొట్టం, అదే స్టెమ్, చివర పైనొకటి కిందొకటి గాట్లు కనబడతాయి. ఎవరివో పళ్ళ గాట్లు. చెయ్యి వెనక్కొస్తుంది, పైపు నా చేతిలోకొస్తుంది. కొందరు తమకు తెలియకుండానే వేళ్ళు చీర కొంగుకో ప్యాంటుకో తుడుచుకుంటారు కూడా. నన్ను వేధించేది ఆ ఆగడమే. వాళ్ళనని ఏం లాభం, అల్మరా నిండా పైపులు పెట్టుకున్న నేను కూడా ఏనాడూ ఆ గాట్లు దాటి పెదవి ఆనించలేదు. మరెందుకు కొంటున్నట్టు?

అమ్మకైతే ఆ సంకోచం కూడా లేదు. ఒక వేసవికి లండన్ వచ్చినప్పుడు అల్మరా తలుపు తీసి, వరసగా నిలబెట్టిన పైపుల్ని చూసి, "ఎవుడి ఎంగిలో ఏటో, డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్నావేటే" అంది. మా శ్రీకాకుళం వైపు మడీ తడీ అన్ని ఇళ్ళలో ఉండేవి కావు గానీ ఎంగిలి పట్టింపు మాత్రం ఎవరికీ తప్పేది కాదు. నీళ్ళ గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. తింటున్న చేత్తో గరిటె ముట్టకూడదు. జాంకాయ తమ్ముడితో పంచుకోవాలంటే గౌను అంచు అడ్డం పెట్టి కొరకాలి. అది కాకెంగిలి, దానికి దోషం లేదు. అలాంటి ఇంట్లో పుట్టి, ముక్కూ మొహం తెలియని ఏ దొర నోట్లోనో ఏళ్ళ తరబడి నానిన గొట్టాన్ని బేరమాడి తెచ్చుకోవడం ఏమిటని అమ్మ బాధ. ఆలోచిస్తే అమ్మ అన్నది అక్షరాలా నిజం. పాత పింగాణీ పళ్ళాలు కొనేవాళ్ళూ ఒకరు తిన్నవే కొంటారు, కానీ కడిగితే ఆ ఎంగిలి పోతుంది. పైపు ఎంగిలి అలా పోదు. చెక్కలోకి ఇంకిపోయి ఉంటుంది. సేకరణ అన్న పెద్దమాట పక్కన పెడితే నేను చేస్తున్నది ఎంగిలి పోగెయ్యడమే.

నేను పొగ తాగను. శనివారం పూట పోర్టొబెల్లో రోడ్డు సంతలో తిరగడం అలవాటైంది, అంతే. వెండి చెంచాలు, యుద్ధ పతకాలు, ఎవరివో పెళ్ళి ఫొటోలు పరిచిన బల్లల మీద ఏ మూలో ఒక అట్టపెట్టెలో నాలుగైదు పైపులు పడి ఉంటాయి. నేను వంగి ఏరుతుంటే అమ్మేవాళ్ళు "మీ నాన్నగారికా?" అంటారు. ఆడమనిషి పైపు కొంటే ఇంకెవరికి కొంటుంది మరి. మా నాన్న బీడీ కూడా ముట్టినవాడు కాదు. మా ఇంట్లో పొగ తాగింది నాయనమ్మ. ఆ కథ లండన్ నడివీధిలో మొదలుపెడితే తేలదు కాబట్టి తలూపి ఊరుకుంటాను.

మొదట నన్ను పట్టుకున్నవి పళ్ళ గాట్లేమీ కావు, చెక్క. బ్రయర్ పైపు చెక్క చెట్టు మాను నుంచి రాదు. కార్సికా, కలాబ్రియా, అల్జీరియా కొండల మీద ఎరికా అర్బోరియా అనే పొద పెరుగుతుంది. దాని వేరుకీ కాండానికీ మధ్య, మట్టిలో, బుడిపె ఒకటి ఊరుతుంది. నీళ్ళు అందని రాతినేలలో, కార్చిచ్చు వచ్చిపోయాక కూడా మళ్ళీ చిగురించడానికి ఆ పొద దాచుకున్న మూట అది. పైపుకు పనికొచ్చేంత కావడానికి దశాబ్దాలు పడుతుంది. దాన్ని తవ్వి, ముక్కలు కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి నీడన ఆరబెడతారు. 1850ల్లో ఫ్రాన్స్‌లో జూరా కొండల మధ్య ఉన్న సాన్-క్లోద్ అనే ఊరు ఈ చెక్కను పట్టుకుంది. అంతకు ముందు ఆ ఊరివాళ్ళు అక్కడి మఠానికి వచ్చే యాత్రికుల కోసం చెక్కతో జపమాలలు, చిన్న చిన్న వస్తువులు తిప్పేవాళ్ళు. జపమాల పూస తిప్పిన చేతికి పైపు బౌల్ ఎంతసేపు? అక్కడి నుంచే హెన్రీ కొమోయ్ 1879లో లండన్ వచ్చి పైపుల కార్ఖానా పెట్టాడు. నిప్పుకు ఆగే చెక్క కావాలంటే నిప్పు రుచి చూసిన మొక్క దగ్గరికే పోవాలని మొదట ఎవరికి తోచిందో గానీ, మంచి బ్రయర్ ముక్క మీద నిలువు గీతల్ని దీపం కింద చూస్తుంటే నాకు అన్నం సంగతి గుర్తుండదు.

కానీ పైపులు కొనేవాళ్ళు నలుగురు కూడితే మాట్లాడుకునేది చెక్క గురించి కూడా కాదు, ముద్రల గురించి. మెడ దగ్గర వెండి పట్టీ ఉంటే భూతద్దం బయటికొస్తుంది. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్, కత్తితో పాటు మూడు గోధుమ పనలుంటే చెస్టర్, కిరీటం పెట్టిన వీణ ఉంటే డబ్లిన్. పక్కనున్న అక్షరాన్ని బట్టి ఏ సంవత్సరం వెండో చెప్పేస్తారు. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ వీధిలో పొగాకు దుకాణం తెరిచి, 1910లో సొంతంగా పైపులు చేయించడం మొదలుపెట్టాడు. ఆ పైపుల స్టెమ్ మీద చిన్న తెల్లచుక్క ఉంటుంది. పెట్టుకునేవాడికి పైవైపు ఏదో తెలియడానికి పెట్టారట. ఇప్పుడు ఆ చుక్క కోసమే ధర రెండింతలవుతుంది. ఇంగ్లండ్ అన్న ముద్ర పక్కన కంటికి ఆననంత చిన్న అంకె ఉంటుంది, అది ఆ పైపు పుట్టిన సంవత్సరం జాడ. ఆ అంకె చెరిగిపోయిందని కుమిలిపోయినవాళ్ళను చూశాను. ఆ ముద్రలన్నీ చేసినవాడివీ, అమ్మినవాడివీ, వెండిని పరీక్షించిన కార్యాలయానివీ. ముప్ఫై నలభై ఏళ్ళు దాన్ని పట్టుకు తిరిగినవాడి ముద్ర మాత్రం లోపం కింద జమ. అమ్మకపు కాగితం మీద పగుళ్ళ పక్కన, కాలిన అంచు పక్కన, పళ్ళ గాట్లని రాస్తారు. అసలు నోటికే తగలని పైపైతే అన్నిటికన్నా ఎక్కువ పలుకుతుంది. అరవై ఏళ్ళు అల్మరాలో పడి ఉండి ఒక్కరోజూ తన పని చెయ్యని వస్తువు, దానికి అంత మర్యాద!

అందుకని పాత పైపు చేతికి రాగానే ఎవరైనా చేసే మొదటి పని ఎంగిలి వదిలించడం. బౌల్ లోపల పేరుకున్న మసిపొర గీకుతారు. మరీ మందమైతే వేడికి వ్యాకోచించి చెక్కను చీలుస్తుందని భయం. ఉప్పో దూదో కూరి, ఆల్కహాలు పోసి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తెల్లటి ఉప్పు కాఫీ రంగుకు తిరుగుతుంది. పైపు మళ్ళీ స్నానం చేసి కూర్చుంటుంది. స్టెమ్ పని ఇంకా విచిత్రం. పాత స్టెమ్‌లు చాలావరకు వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఎండ తగిలితే ఆ నలుపు పాలిపోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు దిగుతుంది, నాలుక్కి చేదు. సన్నటి గరుకు కాగితాలతో రుద్ది మళ్ళీ నలుపు తెప్పించాలి. మరి గాట్లు? వాటికి రుద్దుడు కూడా అక్కర్లేదు. మరిగే నీళ్ళలో పెట్టినా, మంట మీద అటూ ఇటూ ఆడించినా, నొక్కుకుపోయిన చోటు మెల్లగా పైకి లేస్తుంది. అచ్చులో పోసిన నాటి ఆకారం రబ్బరుకు గుర్తుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఒక మనిషి ఏళ్ళ తరబడి కొరికి దిగేసిన గుర్తు, స్టవ్ మీద గిన్నెడు నీళ్ళలో, నేను టీ కలుపుకునేలోపు మాయమైపోయింది. రబ్బరు తన రూపం గుర్తు చేసుకుంది, ఆ మనిషిని మరిచిపోయింది. ఆ తర్వాత నేను మసి గీకుతాను, చెక్కకు మైనం పెడతాను, గాట్ల జోలికి మాత్రం పోను. ఇది మమకారమా, బద్ధకమా అని ఎవరైనా నిలదీస్తే జవాబు లేదు. రెండూ కొంచెం కొంచెం.

పళ్ళ గాట్లు చదవచ్చన్న ఆశ నాకు పెట్టినవాడు షెర్లాక్ హోమ్స్. 1893లో వచ్చిన ‘ది ఎల్లో ఫేస్’ కథలో ఒక మనిషి హోమ్స్ లేనప్పుడు వచ్చి, చూసి చూసి విసుగెత్తి, పైపు మరిచిపోయి వెళ్ళిపోతాడు. మనిషి తిరిగొచ్చేలోపు హోమ్స్ ఆ పైపుతోనే అతని జాతకం చెప్పేస్తాడు. విరిగిన చోట వెండి పట్టీలు వేయించాడు, కొత్తది కొంటే అంతకన్నా చవక, కాబట్టి ఈ పైపంటే ప్రాణం. కుడివైపే కమిలింది, కాబట్టి ఎడమచేతివాటం. స్టెమ్ అంబర్‌దైనా పళ్ళు దిగాయి, కాబట్టి కండబలం ఉన్నవాడు, పళ్ళు గట్టివి. చదివినప్పుడు ఈ విద్య నాకూ పడితే బాగుండనిపించింది. అయితే ఆ కథలోనే ఇంకో సంగతి ఉంది. పైపును అంత బాగా చదివినవాడు ఆ మనిషి ఇంటి గుట్టు మాత్రం తప్పుగా చదువుతాడు. హోమ్స్ ఓడిపోయిన కొద్ది కథల్లో అదొకటి. గాటును బట్టి దవడ చెప్పొచ్చేమో, ఆ దవడ దేనికి బిగుసుకుందో చెప్పలేం. అన్నట్టు, సినిమాల్లో హోమ్స్ నోట కనబడే ఆ పెద్ద వంపు పైపు, కాలబాష్, అసలు కథల్లో ఎక్కడా లేదు. దక్షిణాఫ్రికాలో పండిన సొరకాయను ఎండబెట్టి, దాని నోట్లో సముద్రపు నురగ రంగు మీర్‌షామ్ రాతి గిన్నె అమర్చి చేస్తారు. నా దగ్గర ఒకటుంది. అమ్మ నా అల్మరాలోంచి చేతిలోకి తీసుకున్న పైపు అదొక్కటే. తిప్పి చూసి, గోటితో తట్టి, "ఇది ఆనపకాయ కదే" అంది. అప్పుడు ఎంగిలి మాటే ఎత్తలేదు.

ఎంగిలి భయం మన ఒక్కరిదే కాదని కూడా ఈ పైపులే చెప్పాయి. బ్రయర్ రాకముందు ఇంగ్లండ్ తాగింది మట్టిపైపుల్లో. తెల్లటి మన్నుతో అచ్చుపోసిన సన్నగొట్టాలు, విరిగితే పారెయ్యడమే. థేమ్స్ నది ఆటుకు తగ్గినప్పుడు ఒడ్డున వాటి ముక్కలు ఇప్పటికీ తేలుతూనే ఉంటాయి. వంగి ఒక్కటి తీసి జేబులో వేసుకోవాలన్నా పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి కాబట్టి నేను చూసి వచ్చేస్తాను. పొగాకు బంగారం ధర పలికిన తొలి రోజుల పైపులకు బౌల్ వేలి కొస పట్టేంత, ధర దిగిన కొద్దీ అది పెద్దదైంది. గొట్టాలు పొడవయ్యేకొద్దీ లోపలి రంధ్రం సన్నబడింది. జె.సి. హారింగ్టన్ అనే అమెరికన్ పురాతత్వవేత్త డ్రిల్లు ములుకులు ఆ రంధ్రాల్లో దూర్చి కొలిచి, 1954లో దాన్నే కాలమానం చేశాడు. 17వ శతాబ్దం మొదట్లో అంగుళంలో 64వ వంతులు తొమ్మిది, 18వ శతాబ్దం చివరికి నాలుగు. తల లేని, పేరు లేని మట్టి ముక్క తన శతాబ్దం చెబుతుంది. సారాయి కొట్లలో ఒకే పైపు చేతులు మారేదనీ, తర్వాతివాడు కొస విరిచేసి కొత్త అంచు నోట పెట్టుకునేవాడనీ ఒక కథ చెబుతారు. వినగానే నాకు కాకెంగిలి తోచి ముచ్చటేసింది. చరిత్రకారులు ఒప్పుకోరు. తాగిన పైపుల్ని ఇనుప చట్రంలో పేర్చి నిప్పుల్లో కాల్చేవాళ్ళని, మసి పోయి తెల్లగా బయటికొచ్చేవని వాళ్ళంటారు. అగ్నిశుద్ధి అన్నమాట, మన సీతమ్మ దగ్గర నేర్చుకున్నట్టు. ఇంకో సంగతి. మట్టిపైపు దగ్గర కొరికేది ఎవరు, కొరుకుడు పడేది ఎవరు అన్నది తారుమారవుతుంది. కాల్చిన మన్ను పన్ను కన్నా మొండిది. రోజూ ఒకేచోట బిగిస్తే పైపు అలాగే ఉంటుంది, పైపళ్ళూ కిందిపళ్ళూ అరిగి వాటి మధ్య గుండ్రటి కన్నం పడుతుంది. పాత శ్మశానాలు తవ్వినప్పుడు అలాంటి కన్నాలున్న దవడలు బయటపడుతూ ఉంటాయి. పైపు మనిషి మీద వేసిన ముద్ర అది. దాన్ని ఎవరూ వేడినీళ్ళతో తియ్యలేరు.

ఎంగిలి ఎప్పుడు లోపం, ఎప్పుడు వరం? వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ళ అమెరికా చరిత్ర మ్యూజియంలో ఐన్‌స్టీన్ పైపు ఒకటుంది. మామూలు బ్రయర్, సంతలో పెడితే ఎవరూ తిరిగి చూడరు. డాక్టర్లు పొగ మానమన్నాక కూడా ఖాళీ పైపు నోట పెట్టుకుని నములుతూ ఉండేవాడాయన. స్టెమ్ కొస కొరికి కొరికి అరిగి ఉంది. దాన్ని మరిగే నీళ్ళలో పెడదామని ఎవరైనా అంటే మ్యూజియం వాళ్ళు తన్ని తరుముతారు. ఆ అరుగుదలే అక్కడ వస్తువు, చెక్క దానికి పీట. మనకు ఇది కొత్తేమీ కాదు. వాల్మీకి రాయకపోయినా శబరి కొరికిచ్చిన పళ్ళను మన జనం రాముడి చేత తినిపించే దాకా నిద్రపోలేదు. కాళహస్తి తిన్నడు మాంసం రుచి చూసి మరీ శివుడికి పెట్టాడు. అక్కడ పెట్టినవాళ్ళది ఎంగిలి, పుచ్చుకున్నవాడు దేవుడు. ఐన్‌స్టీన్ దగ్గర తిరగబడింది, పెద్దవాడి ఎంగిలి మనకు ప్రసాదం. మరి లీడ్స్‌లోనో లివర్‌పూల్‌లోనో ట్రాము నడుపుకుని, సాయంత్రం ఇంటికెళ్ళి పైపు ముట్టించుకున్న వాడి గాటు ఏ లెక్కలోకి వస్తుంది? అతనికి పేరూ లేదు, పురాణమూ లేదు.

ఇక్కడే నాయనమ్మ గుర్తొస్తుంది. మావైపు ఆడవాళ్ళు చాలామందిలాగే ఆమెదీ అడ్డపొగ. చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోట్లోపల పెట్టుకుని పెదాలు మూసేది. వాన పడినా గాలి కొట్టినా నిప్పు ఆరదు, చేతులు రెండూ ఖాళీ. నారు తీసేది, చేట చెరిగేది, నోట్లో నిప్పుతోనే మమ్మల్ని తిట్టేది. సగం తాగి ఆర్పిన చుట్టపీకను చూరులో చెక్కేది, మర్నాడు అక్కడి నుంచే తీసేది. అంగిలి మీద తెల్లటి పెంకు కట్టి ఉండేది, అడిగితే నోరు తెరిచి చూపించేది. ఆ అలవాటుకూ, విశాఖ, శ్రీకాకుళం వైపు కనబడే అంగిటి క్యాన్సర్‌కూ ఉన్న లంకెను వైద్యులు 1940ల నాటికే రాసిపెట్టారు. నాయనమ్మకు ఆ జబ్బు రాలేదు, పక్కింటి ఆవిడకు వచ్చింది. ఇన్నేళ్ళు తాగినామె మిగిల్చింది ఏముంది? పైపు తాగినవాడు చచ్చిపోతే పైపు మిగులుతుంది. నవాబు పోతే బిద్రీ హుక్కా మిగిలి సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక కూర్చుంటుంది. చుట్ట తనను తాను కాల్చుకుని పోతుంది. అడ్డపొగలో అయితే బూడిద కూడా బయటపడదు. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో హోమ్స్ పొగాకు బూడిదల మీద తాను రాసిన పుస్తకం గురించి గొప్పలు పోతూ ఒక లంక చుట్ట పేరెత్తుతాడు. మన గోదావరి లంకల్లో పండిన ఆకుతో చుట్టిన చుట్ట అది. లండన్‌లో కూర్చుని ఆ బూడిదను గుర్తుపట్టగలవాడు ఒకే ఒక్కడు, వాడూ కల్పన. బ్రిటన్ తన వలస రాజ్యాల ఆకుకు సుంకం తగ్గించాక గుంటూరు వర్జీనియా ఆకు బ్యారన్లలో పసుపుపచ్చగా కాలి ఓడలెక్కింది. నా అల్మరాలో ఏ బౌల్‌లోనైనా అది మండి ఉంటుందా? ఉంటే ఉండొచ్చు. గీకి పారేసిన మసిలోనే పోయి ఉండొచ్చు కూడా.

అయితే నాయనమ్మ గుర్తు దొరకలేదని పరాయివాళ్ళ పళ్ళ గాట్లు దాచుకుంటున్నానా? అలా అనుకుంటే కథ చక్కగా కుదురుతుంది. మరీ చక్కగా కుదిరింది కాబట్టే నాకు నమ్మకం లేదు. మొదటి పైపు కొన్ననాడు నాయనమ్మ నా తలపులోనే లేదు, చెక్క మీద గీతలు బాగున్నాయి, చవగ్గా ఇచ్చారు. కారణాలు తర్వాత వచ్చి కూర్చుంటాయి. ఇంకో అనుమానమూ ఉంది. ఈ వస్తువుల పని విషం అందించడం. పైపు పొగకూ పెదవి క్యాన్సర్‌కూ సంబంధం రుజువైందని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లోనే తేల్చింది. నేను ముచ్చటపడే గాటు వెనక ఒక పుండు కూడా ఉండి ఉండొచ్చు. పిల్లలు ఇంటికొస్తే అల్మరాకు తాళం వేస్తాను, అంతకు మించి దీనికి నా దగ్గర సమాధానం లేదు.

మొన్నొక బర్మింగ్‌హామ్ పైపు దొరికింది. వెండి పట్టీ అరిగి లంగరు సగమే కనబడుతోంది, అక్షరం అసలే లేదు. సేకరించేవాళ్ళ లెక్కలో దాని పుట్టుక పోయినట్టే. కానీ స్టెమ్ మీద రెండు జతల గాట్లున్నాయి. ఒక జత సరిగ్గా మధ్యన, వెడల్పుగా, నిబ్బరంగా దిగినవి. ఇంకో జత ఎడమ మూలకు, సన్నగా, లోతుగా. ఒకే మనిషి ముందటి పళ్ళు ఊడాక పక్కకు మార్చాడా? లేక ఇద్దరు మనుషులా? తండ్రి పోయాక కొడుకు అందుకున్నాడా, లేక నాకన్నా ముందు ఇదే సంతలో ఇంకెవరో కొనుక్కుని, ఆ మధ్యగాట్ల మీద పళ్ళు ఆనించడానికి మనసొప్పక పక్కకు జరిగాడా? ఈ చివరిదే నాకు నచ్చింది, రుజువేమీ లేకపోయినా. తిప్పి తిప్పి చూస్తున్న నన్ను బల్ల వెనక ఉన్న పెద్దావిడ ఇంకోలా అర్థం చేసుకుంది. పైపు నా చేతిలోంచి తీసుకుని, గాట్లు తన బొటనవేలితో తడిమి, నొచ్చుకుంటున్నట్టు మొహం పెట్టి, ఇవి తీయించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు అంది. నేనేమీ అనకముందే ఆ గాట్ల కోసం రెండు పౌండ్లు తగ్గించింది. నాకు కావలసింది అవేనని చెప్పొచ్చు, చెప్పలేదు. తగ్గించిన ధర ఇచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని వచ్చేశాను.